తలుపు బయటి మేకు

మొన్న పదకొండో రోజున కమ్యూనిటీ హాల్లో పెట్టిన సంతాప సభలో మీలో ఒకరు మైకు పట్టుకుని, "మన పిల్లవాడు గుండె డాక్టరు, ఎందరి గుండెలనో నిలబెట్టి చివరికి గుండెపోటుతోనే పోయాడు" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. సంతాప సభలో చప్పట్లు వినడం నాకు అదే మొదటిసారి. అన్నది పెద్దమనిషి కాబట్టి అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు మన రిటైర్డు ఉద్యోగుల సంఘం పత్రికలో నాకు రెండు పేజీలు ఇచ్చారు కాబట్టి ఊరుకోను. అతను డాక్టరు కాదు, టెక్నీషియను. పోయింది గుండెపోటుతో కాదు, తలలో గడ్డతో. అది ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ చెప్పలేకపోవడం గురించే నేను రాయబోతున్నాను. చప్పట్లు కొట్టాలనుకున్నవారు పేజీ తిప్పేయవచ్చు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు మా కిటికీలు రోజూలాగే అదిరిన కాసేపటికి, ఎదురు క్వార్టరు తలుపు తెరుచుకుంది. ఆ పిల్లవాడి నాన్న గడప మీదికి వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయి మీద లాంపురూంలో పనిచేసిన మనిషి. కాలనీ అంతటికీ ఆయన లాంపురూం అన్నే. ఏడవలేదు. "టీచరమ్మా, అయిపోయింది" అన్నాడు, డ్యూటీ అయిపోయిందని చెప్పినట్టే. ఆ తలుపు ఆ రోజు నుంచి మళ్లీ వేయలేదు. ఎందుకు వేయలేదో తర్వాత చెబుతాను.

నలభై మూడేళ్ల మనిషిని పిల్లవాడు అంటున్నానని మా మనవరాలు దిద్దబోయింది. నేను కంపెనీ స్కూల్లో ముప్పై నాలుగేళ్లు ఫిజిక్సు చెప్పాను. పదో తరగతిలో నా ముందు బెంచీ మీద కూర్చున్నవాడు తాత అయినా నాకు పిల్లవాడే. ఇతను రెండో బెంచీ. కిటికీ వైపు. పాఠం మధ్యలో ఈల వేసే అలవాటు ఉండేది. ఈల ఎవరు వేశారని అడిగితే లేచి నిలబడే అలవాటు కూడా ఉండేది, అందుకే రెండు దెబ్బలు తగ్గించేదాన్ని.

ఆ ఏడాది వెలుతురు పాఠం చెబుతూ గది కిటికీలన్నీ మూయించి, గోడకు గళ్ల కాగితం అంటించి, టార్చి పట్టాను. ఒక అడుగు దూరంలో పెడితే కొన్ని గళ్లు వెలిగాయి. రెండు అడుగుల దూరానికి జరిగితే నాలుగు రెట్ల గళ్లు వెలిగాయి, వెలుగు మాత్రం పలచబడింది. "దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతు" అని బోర్డు మీద రాశాను. ఇతను లేచి, "టీచర్, మరి దగ్గర్కి పోతె?" అన్నాడు. "దగ్గరికి పోతే నాలుగింతలు మీద పడుతుంది. కూర్చో" అన్నాను. ఆ మాట ఎక్కడికి పోయి ఎక్కడ తేలుతుందో అప్పుడు నాకేం తెలుసు.

అతని ఉద్యోగం గురించి మీలో చాలామందికి సగమే తెలుసు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు గుండె దవాఖానలో, మూడో అంతస్తులో ఒక గది ఉంది. మణికట్టు నుంచో తొడ నుంచో సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి పంపి, గుండె దాకా తీసుకెళ్లి, ఎక్కడ పూడుకుపోయిందో ఎక్స్‌రే మీద చూస్తారు. అవసరమైతే స్టెంటు వేస్తారు. మామూలు ఎక్స్‌రే ఒక్క క్షణం. ఇక్కడ అరగంట, గంట, ఒక్కోసారి మూడు గంటలు ఆ కిరణాలు ఆగి ఆగి వస్తూనే ఉంటాయి. బల్ల మీద పడుకున్నవాడికి ఎలాగూ తప్పదు. అయితే ఆ కిరణాలు పడుకున్నవాడి ఒంటికి తగిలి చుట్టుపక్కలకు చెదురుతాయి. పక్కన నిలబడ్డవాళ్ల మీద పడేది ఆ చెదిరినదే. పడుకున్నవాడికి జన్మలో ఒకటి రెండుసార్లు. నిలబడ్డవాడికి రోజూ.

ఇతను ఆ గదిలో మొదట అటెండరుగా చేరాడు. పొద్దున్నే చౌరస్తాలో బస్సెక్కి పెద్దపల్లి మీదుగా పోయి, సాయంత్రం అదే దారిన వచ్చేవాడు. వచ్చేటప్పుడు చౌరస్తాలో మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని, అందులో సగం దారిలోనే తిని, మిగతా సగం మా ఇంట్లో ఇచ్చి, "మీ కోసమే తెచ్చిన" అనేవాడు.

చేరిన మొదటి వారం అనుకుంటాను, నేను వాళ్ల వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఇతను జేబులోంచి అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ బ్యాడ్జి తీసి వాళ్ల నాన్నకు చూపించాడు.

"ఏందిరా ఇది?"

"బ్యాడ్జి బాపూ. లోపట పనిచేసెటోల్లకు ఇస్తరు. మూడు నెలలకోసారి లోపలి కార్డు తీసి పరీక్షకు పంపుతరట. పోగొడితె మల్ల జల్ది ఇయ్యరట. అందుకే ఫికరైతంది."

"గింత దానికి ఫికరెందుకురా? తలుపు బయట మేకు కొట్టు. లోపలికి పోంగ పెట్టు, బయటికి రాంగ తీస్కో. బిల్ల మేకుకున్నదంటె మనిషి లోపట ఉన్నట్టు. ముప్పై ఏండ్లు నేను చేసింది గదే గద."

బాయి తెలియనివారి కోసం చెబుతున్నాను. కార్మికుడు కిందికి దిగే ముందు లాంపురూంలో తన నంబరున్న ఇత్తడి బిల్ల ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. ఆ బిల్ల అతని నంబరు మేకుకు వేలాడుతుంది. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిల్ల తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక కూడా ఒక బిల్ల మేకుకు ఉండిపోయిందంటే ఒక మనిషి కింద ఉండిపోయాడని అర్థం. ఎన్నో ప్రాణాలు ఆ మేకుల మీదే ఉండేవి. అందుకని లాంపురూం అన్న చెప్పిన పద్ధతిలో తప్పేమీ లేదు. తప్పల్లా, ఆ బ్యాడ్జి మనిషి లోపల ఉన్నాడని చెప్పడానికి కాదు, మనిషి మీద ఎన్ని కిరణాలు పడ్డాయో పట్టుకోవడానికి. అది ఒంటి మీద ఉండాలి. మేకుకు ఉంటే వరండాను కొలుస్తుంది.

నేను పక్కనే ఉన్నాను. ఫిజిక్సు టీచరును. మా పాఠ్యపుస్తకంలో ఎక్స్‌రేల గురించి ఒక్క పేరా ఉండేది, దాన్ని ముప్పై నాలుగేళ్లూ చదివించాను. బ్యాడ్జి గురించి ఆ పేరాలో లేదు, నాకూ తెలియదు. తెలియదని ఊరుకున్నా బాగుండేది. "మంచి పద్ధతి, క్రమశిక్షణ" అన్నాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ అన్నాను. లాంపురూం అన్న లోపలికి పోయి, పాత డబ్బాలోంచి లాంపురూం బోర్డుకు వాడగా మిగిలిన మేకు ఒకటి తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. పొట్టి మేకు, గుండ్రటి తల. మరుసటి రోజే ఆ గది తలుపు పక్కన గోడకు దిగింది. చూసి మిగతావాళ్లూ తమ బ్యాడ్జీలు అక్కడే తగిలించడం మొదలుపెట్టారు. పోగొట్టుకోకుండా బాగుందని అందరూ మెచ్చుకున్నారట.

అతని అలవాట్లలో నాకు అన్నిటికంటే గుర్తున్నది, ఏ బట్టనూ మడతపెట్టకపోవడం. ఆ గదిలో వేసుకునే కోటులో సీసం ఉంటుంది. మడతపెడితే లోపల పగులుతుంది, పగిలిన చోట నుంచి కిరణాలు దూరతాయి. అందుకని ఎప్పుడూ తగిలించే ఉంచాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. లుంగీ కూడా హ్యాంగరుకే. నస్పూర్ నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన భార్య నెల తిరక్కుండానే నా దగ్గర మొర పెట్టుకుంది. "పెద్దమ్మా, ఇల్లా, బట్టల దుకానమా? నా పెండ్లి చీర గుడ తలుపుకు ఏలాడదీసిండు. కూరగాయల సంచి మడతపెట్టినా ఊకుంటలేడు!"

ఆ గదిలో మనుషులకు సరిపడా కోట్లు ఉండేవి కావు. ఉన్నవాటిలో ఒకటి పగిలింది. వేళ్లతో తడిమి ఎక్కడ పగిలిందో చెప్పేవాడట. పగిలిన కోటు ఎవరికి వస్తుందని ఒకసారి అడిగాను. "సీనియర్‌కు" అన్నాడు. సీనియర్ ఎవరని అడిగితే బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు.

కొన్నేళ్లకు టెక్నీషియను కోర్సు చదివాడు. బ్యాడ్జి సంగతి అక్కడ తెలిసింది. ఆ సాయంత్రం మా గేటు దగ్గర నిలబడి నవ్వాడు. "టీచరమ్మా, మన తెలివి జూడుండ్రి. బాపుదీ మీదీ కలిపి. అది ఛాతికి పెట్టుకోవాలెనట, కోటు లోపట. ఇన్నేండ్లు గోడకు ఎక్స్‌రే తీపిచ్చిన నేను." నేను నవ్వలేదు. వాళ్ల నాన్నకు చెప్పవద్దన్నాను. చెప్పకుండా ఎలా ఉంటాడు, చెప్పాడు. లాంపురూం అన్న రెండు రోజులు కొడుకు ముఖం చూడలేదు.

ఆ తర్వాతి మూడు నెలలు బ్యాడ్జిని ఒంటి మీదే పెట్టుకున్నాడు. కార్డు పరీక్షకు పోయి, రీడింగు ఎక్కువగా వచ్చింది. ఇన్‌ఛార్జి పిలిచి, ఇలా వస్తే నిన్ను కొన్నాళ్లు ఆ గదికి దూరంగా పెట్టాల్సి వస్తుంది, నీ బదులు చేసేవాళ్లు లేరు, తర్వాత నీ ఇష్టం అన్నాడట. తిట్టలేదు, బెదిరించలేదు. నీ ఇష్టం అన్నాడు, అంతే. బ్యాడ్జి మళ్లీ మేకు మీదికి పోయింది. ఈసారి తెలిసే పోయింది.

"ఇదేంది రా?" అని నేను కేకలేశాను.

"ఏం జెయ్యాలె టీచరమ్మా? పెట్టుకుంటె పని చెయ్యద్దంటరు. పని చెయ్యాలంటె పెట్టుకోవద్దు."

"అయితే మానేయ్. ఇంకో పని చూసుకో."

"ఏ బాయిల దిగాలె చెప్పుండ్రి. బాపు దిగనియ్యలే, ఇప్పుడు కొత్తగ తీసుకునుడు లేదు. మల్ల నాకు వచ్చింది గా పనొక్కటే."

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. అది మీకందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. నేను అరిచినంతసేపు నిలబడి, "మీరు చెప్పిన పాఠమైతె మరువలే. అవసరం లేనప్పుడు ఎనుకకొక అడుగు. కొత్తగొచ్చినోల్లకు గదే చెప్తున్న, టీచరమ్మ ఆర్డరని" అన్నాడు. అది నిజమే. ఆ గదిలో పనిచేసిన సిస్టరు ఒకామె తర్వాత నాతో అంది. కిరణాలు వచ్చే ముందు అందరికీ వినబడేలా "ఎనుకకొక అడుగు!" అనేవాడట, కండక్టరు రైట్ రైట్ అన్నట్టు.

కానీ మన కాలనీవాళ్లు బల్లెక్కినప్పుడు తనే ఆ ఆర్డరు పాటించేవాడు కాదు. మీలో పదిమందికైనా ఈ సంగతి తెలుసు, మీ చేయి అతని చేతిలోనే ఉంది కాబట్టి. "ముప్పై ఏండ్లు బాయిల జేసినోడు ఆ బల్లెక్కంగనె చిన్నపోరడైతడు టీచరమ్మా. చీకటంటె భయపడడు, నెత్తి మీది బొగ్గుగడ్డ కూలుతదంటె భయపడడు, గీ మిషన్ మొఖం మీదికొస్తె అవ్వా అంటడు. చెయ్యి పట్టుకుంటె గమ్మునుంటడు" అనేవాడు. సీసపు అద్దం వెనక నిలబడాల్సిన మనిషి తల దగ్గర నిలబడేవాడు. "మీ గుండె సినిమా నడుస్తంది, హీరో మీరే, కదలకుండ్రి" అనేవాడు. "ఊపిరి పట్టుండ్రి... ఇడువుండ్రి" అని తను కూడా పట్టి విడిచేవాడు.

మూడేళ్ల క్రితం నా వంతు వచ్చింది.

ఎప్పటిదో మొండి పూడిక, గొట్టం ఎంతకీ దూరలేదు. దాదాపు మూడు గంటలు. మత్తు లేదు, మెలకువగానే ఉంచారు. నా ముఖం మీద ఆ యంత్రం అటూ ఇటూ తిరుగుతుంటే, ఒకేసారి వందమంది పిల్లలను నిలబెట్టి వణికించినదాన్ని, నేను వణికాను. ఇతను ఎడమ చేయి పట్టుకుని తల దగ్గర ఉన్నాడు.

"టీచరమ్మా, ఏమనుకోకుండ్రి. మనిషి లావైతె మిషన్ కిరణాలు ఎక్కువ ఇడుస్తది. మీరు జర బక్కగుంటె నాకు సగం తప్పుతుండె."

"నోరు మూసుకో. చిన్నప్పుడు నా చేతి సకినాలు ఎవరు తిన్నారో చెప్పమంటావా?"

డాక్టరు కూడా నవ్వాడు. తర్వాత ఆయనే ఇతన్ని వెనక్కి జరగమన్నాడు. ఇతను నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "ఒక్క అడుగు ఎనుకకు పోయొస్త. మీ పాఠమే గద."

నేను వదల్లేదు. "పాఠం పరీక్షల కోసం. నువ్వు ఇక్కడే ఉండు" అన్నాను.

ఉన్నాడు.

ఈ వాక్యం రాయడానికే రెండు పేజీలు అడిగాను. దీన్ని అటూ ఇటూ ఎంత తిప్పినా చిన్నది కావడం లేదు. ఆ మూడు గంటల వల్లనే ఏదో అయిందని నేను అనడం లేదు, అంత లెక్క నాకు రాదు, ఎవరికీ రాదు. నాలాంటివాళ్లు ఎంతమంది ఆ చేయి పట్టుకున్నారో కూడా తెలియదు. నా చేయి మాత్రం నాకు తెలుసు.

ఇంటికి పంపేటప్పుడు, "వీపు చూసుకుంటుండుండ్రి. ఎర్రగైతె నాకు చెప్పుండ్రి, బామ్‌లు గిట్ల రుద్దకుండ్రి" అన్నాడు. మూడు వారాలకు వీపున కుడి భుజం కింద పోస్టుకార్డంత ఎర్రటి మచ్చ వచ్చింది, గీత గీసినట్టు నాలుగు మూలలతో. నేను బామ్ రుద్దాను. మంట ఎక్కువై కేక పెడితే పరుగెత్తుకొచ్చి, నా జీవితంలో ఏ విద్యార్థీ తిట్టనంతగా తిట్టాడు. "సదువుకున్నోల్లతోని గిదే కష్టం! చెప్పింది ఇనరు, చెప్పనిది చేస్తరు!" డాక్టరు దగ్గరికి తనే తీసుకుపోయాడు. మచ్చ మానింది. గుర్తు ఉంది. నా మీద పడిన కిరణాలకు నా వీపు సాక్ష్యం. అతని మీద పడిన వాటికి ఏ సాక్ష్యమూ లేదు.

తర్వాతి ఏడాది బస్సు బోర్డు చదవడానికి తల పక్కకు వంచడం మొదలుపెట్టాడు. నలభై ఒకటికే కంట్లో శుక్లం అన్నారు. వాళ్ల నాన్నకు ఎనభైకి దగ్గరగా ఉన్నాయి, సూదిలో దారం ఎక్కిస్తాడు. కంటి డాక్టరు ఉద్యోగం ఏమిటని అడిగి, విని, "కిరణాల వల్లే కావచ్చు" అన్నాడు. ఆపరేషను చేయించుకుని పదిరోజుల్లో మళ్లీ ఆ గదికే పోయాడు. ఆ పైన తలనొప్పులు. మాట తడబడింది. సీటీ స్కానులో తలలో ఎడమవైపు గడ్డ కనిపించింది.

ఆ సీటీ తీయించుకుని వచ్చిన రోజు అతను చెప్పింది గడ్డ గురించి కాదు. "టీచరమ్మా, ఆడ మిషన్ కాడున్న పిల్ల బ్యాడ్జి ఒంటి మీదనే పెట్టుకున్నది. మస్తు సంతోషమనిపించింది" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు.

హైదరాబాదులో పెద్ద డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. చదువుకున్నదాన్ని కదా, అడగాల్సినవి అడుగుతానని వాళ్ల నమ్మకం. లోపలికి పోయాక అడిగింది అతని భార్యే. వాళ్లకు ఎనిమిదో తరగతి చదివే కూతురు ఉంది.

"సార్, ఇది ఆ కిరణాలతోని వచ్చిందా, లేకుంటె రక్తంల ఉండి వచ్చిందా? రక్తంలది అయితె నా బిడ్డకు వస్తది గద. గదొక్కటి చెప్పుండ్రి, ఇంకేం అడుగ."

ఆయన మంచివాడు. సాధారణంగా ఇలాంటివి పిల్లలకు రావని చెప్పాడు. కిరణాల వల్ల అని చెప్పలేను, కాదనీ చెప్పలేను అన్నాడు. ఇన్నేళ్లలో ఎంత పడిందో రికార్డు ఉంటుంది కదా, చూపించండి, కనీసం అదైనా తెలుస్తుంది అన్నాడు. ఆమె దవాఖాన నుంచి తెచ్చిన ఫైలు ముందు పెట్టింది. మూడు నెలలకు ఒక కాగితం, పదహారేళ్లవి. ఆయన తిప్పుతూ పోయాడు. అన్నిటిలోనూ దాదాపు ఏమీ లేదు. ఒక్క కాగితం దగ్గర ఆగాడు. ఒకే ఒక్క మూడు నెలలు. "ఇది ఒక్కటే ఎందుకు ఇంత ఎక్కువగా ఉంది? పొరపాటేమో" అన్నాడు.

కాదు సార్, అదొక్కటే నిజం అని నేను చెప్పాను. మిగతావన్నీ ఏమిటని అడిగాడు. గోడవి, అన్నాను. ఆయన ఫైలు మూసి, కళ్లజోడు తీసి, రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఆ మర్యాదకు నేను ఆయన్ను గౌరవిస్తాను. కానీ మేము అంత దూరం పోయింది మర్యాద కోసం కాదు. తిరుగు ప్రయాణంలో ఆమె సుల్తానాబాద్ దాటేదాకా ఆ ఫైలును ఒళ్లోనే పెట్టుకుని, "అయితె తెలువదన్నట్టేనా పెద్దమ్మా?" అంది. ప్రశ్నకు జవాబు తెలియని పిల్లలను బెంచీ ఎక్కించినదాన్ని నేను. "తెలియదు బిడ్డా" అన్నాను.

అతను పోయాక తొమ్మిదో రోజు లాంపురూం అన్న మా ఇంటికి వచ్చాడు. నలభై ఏళ్లలో కూర్చోమనకుండా కూర్చోవడం అదే మొదలు.

"టీచరమ్మా, నువ్వు సైన్సు చెప్పినదానివి. దాపెట్టకుండ చెప్పు. నా మేకుతోనే పోయిండా నా కొడుకు?"

"అన్నా, బ్యాడ్జి కిరణాలను ఆపదు. లెక్కే పెడుతుంది. పెట్టుకున్నా పడేవి పడేవే." ఇది నిజం. ఏ పుస్తకంలో చూసినా ఇదే ఉంటుంది. చెప్పాక నాకే కొంచెం ధైర్యం వచ్చింది.

ఆయన ఆలోచించాడు. ఆ మనిషి బడికి పోయింది నాలుగేళ్లే. "గది సరే. లెక్క వస్తుండె గద? లెక్క వస్తె ఎవలన్న ఒకలు చూస్తుండె గద? చూస్తె బయటికి రమ్మంటుండె గద?"

ఈసారి నా గొంతు పెరగలేదు.

"మా కాడ బిల్ల మేకుకుంటె మనిషిని దేవులాడుతుంటిమి" అన్నాడు. "ఒకపారి ఒక్క బిల్ల మిగిలింది. పొద్దటి షిఫ్టోల్లందరు పోయిండ్రు. నేను గది తాళం పెట్టలే. రెండో షిఫ్టు దిగేదాక గట్లనే కూసున్న. ఆఖరికి వాడు దీపంతోని సహా ఇంటికి పోయి పండుకున్నడని తెలిసింది. పట్టుకొచ్చి తిట్టిన, తిట్టి ఏడ్సిన. బిల్ల వాని చేతుల పెట్టినంకనే ఇంటికి పోయిన." లేచి చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "ఇది ఉల్టా అయింది టీచరమ్మా. మేకుకున్నది జూసి మనిషి పైలంగ ఉన్నడనుకున్నరు."

ఆ వారమే ఆ గది సిస్టరు ఫోను చేసింది. బ్యాడ్జి లోపలి కార్డు పంపించేశారట. కానీ పై ప్లాస్టిక్ తొడుగు, దాని మీద అతని నంబరు చీటీతో, ఇంకా మేకుకే వేలాడుతోందట. తీయడానికి ఎవరికీ చేతులు రావడం లేదట, ఏం చేయాలని అడిగింది. ఫోను స్పీకరులో ఉంది. పక్కనే ఉన్న లాంపురూం అన్న విన్నాడు. ఎదురింటి తలుపు ఎందుకు వేయడం లేదో నాకు అప్పుడు అర్థమైంది. బిల్ల మేకుకు ఉండగా తలుపు వేసే మనిషి కాదు ఆయన. కోడలు చెప్పినా వినడు, మనవరాలు చెప్పినా వినడు. కుర్చీ గడపకు అడ్డంగా వేసుకుని కూర్చుంటాడు. దారిన పోయేవాళ్లను, "కరీంనగర్ పోతున్నవా?" అని అడుగుతాడు. పోతున్నామంటే మాత్రం ఎందుకో చెప్పలేక, "మంచిది, పైలంగ పోయిరా" అంటాడు. మీలో కొందరిని అడిగే ఉంటాడు. మతి తప్పిందని మీరు అనుకుని ఉంటారు. తప్పలేదు.

పోయిన మంగళవారం నా చెకప్‌కు నేనే వెళ్లాను. మూడో అంతస్తుకూ వెళ్లాను. మేకు ఉంది. దాని మీద మూడు బ్యాడ్జీలు ఉన్నాయి. రెండు బతికున్నవాళ్లవి, లోపల పనిచేస్తున్నవాళ్లవి. అన్నిటికంటే కింద అతనిది. తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. చేయి పైకెత్తాను. ఎడమ చేయి. ఎంతసేపు అలా నిలబడ్డానో, ఒక అటెండరు వచ్చి "ఏం గావాలె అవ్వా" అంటే "లిఫ్టు ఎక్కడ" అని అడిగాను. ఇంటికి వచ్చి లాంపురూం అన్నకు గది తాళం వేసి ఉందని అబద్ధం చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆయనకు తాళాల సంగతి నాకంటే బాగా తెలుసు.

కాబట్టి మీకు ఒక పని. వచ్చే మంగళవారం మీలో చెకప్‌కు పోయేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఒకరు చాలు, గుంపుగా పోవద్దు. మా కిటికీలో కటింగ్ ప్లేయరు పెడతాను, పొద్దున బస్సుకు ముందు తీసుకోండి. మూడో అంతస్తులో లిఫ్టు దిగి ఎడమకు తిరిగితే చివరి తలుపు. ఎర్ర బల్బు వెలుగుతుంటే లోపల కిరణాలున్నట్టు, తలుపు తోయకండి, బయటే ఆగండి. లోపలివాళ్లు వచ్చాక వాళ్ల రెండు బ్యాడ్జీలు వాళ్ల చేతుల్లోనే పెట్టి, ఒంటికి తగిలించుకునేదాకా అక్కడే నిలబడండి. ఇబ్బందిగా చూస్తారు, చూడనివ్వండి. టీచరమ్మ ఆర్డరని చెప్పండి, వాళ్లకు అర్థమవుతుంది. తర్వాత మేకు పీకండి. గట్టిగా దిగి ఉంటుంది, అటూ ఇటూ ఆడించి లాగాలి. మేకు తెచ్చి నాకు ఇవ్వండి, ఎదురింట్లో ఇవ్వకండి.

మూడోది మాత్రం మడతలో పెట్టకుండా, సంచిలో వేయకుండా, చేత్తో పట్టుకుని తీసుకురండి. లాంపురూం అన్న గడపలో కూర్చుని ఉంటాడు. ఆయన అరచేతిలో పెట్టండి. ఏమీ చెప్పనక్కర్లేదు. నంబరు చూసుకుంటాడు. చూసుకున్నాక, ఆయనే లేచి తలుపు వేస్తాడు.